నడవలేని బిడ్డల వైద్యుడు

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి అను గ్రామములు ఒకప్పుడు పెద్ద పెద్ద బండరాళ్ల నడుమ నుండెడివి. 1998వ సంవత్సరము నవంబరు నెలలో సైబర్ టవర్స్ అను భవనము ప్రారంభమైన నాటినుండి ఆ ప్రదేశము హైటెక్ సిటీ అను పేర ప్రసిద్ధికెక్కినది. నేడచ్చట అద్దాల మేడలు ఆకాశము నంటుచున్నవి. వేలకొలది యువతీయువకులు కంప్యూటర్ల ముందు కూర్చుండి దేశదేశముల వారికి పనిచేసి పెట్టుచున్నారు. ఆ మేడల సందున పెద్ద ఆసుపత్రులును, బిడ్డలకు వ్యాయామ చికిత్స చేయు చిన్న కేంద్రములును వెలసినవి.

అట్టి చికిత్సా కేంద్రములలో సామాన్యముగా కానవచ్చు వస్తువులు ఇవి: నేలపై పరచిన మెత్తని పరుపు, ఒక పెద్ద రబ్బరు బంతి, పట్టుకొని నడచుటకు రెండు కమ్ములు, ఒక నిలువుటద్దము. వానిని చూచినవారు అది ఆటలగది యనుకొందురు. కాని అచ్చటికి వచ్చు బిడ్డలకు ఆట మిక్కిలి కష్టమైన పని. ఒక బిడ్డ కాళ్లు కత్తెరవలె పెనవైచుకొనును. మరియొక బిడ్డ పిడికిలి విప్పలేదు. వేరొక బిడ్డ మూడేండ్లు నిండినను మెడ నిలుపలేదు. వారి కాళ్లలోగాని చేతులలోగాని మొదట ఏ లోపమును లేదు. లోపము తలలో నున్నది. పుట్టుకకు ముందో, పుట్టునప్పుడో, పుట్టిన కొలది కాలమునకో వారి మెదడునకు దెబ్బ తగిలినది. ఈ వ్యాధికి మస్తిష్క పక్షవాతమని పేరు. ఆసుపత్రులలో దీనిని సెరిబ్రల్ పాల్సీ అందురు. ప్రపంచమున పుట్టు ప్రతి వేయిమంది శిశువులలో సుమారు ఇద్దరు ముగ్గురు దీని వాత పడుచున్నారు.

పూర్వము అన్ని దేశములలోను ఇట్టి బిడ్డలను గూర్చి జనులు ఇంచుమించు ఒకే తీరుగా తలంచిరి. కొందరు పూర్వజన్మ కర్మమనిరి. కొందరు గ్రహణపు నీడ పడినదనిరి. కొందరు తల్లిని నిందించిరి. వైద్యులు సైతము వీరిని తమ పరిధిలోని వారినిగా ఎంచలేదు. ఆ బిడ్డల స్థితికి కారణమును వెదకి, వారిని వైద్యశాలలోనికి చేర్చుకొన్న మొదటివారిలో ముఖ్యుడు విలియం జాన్ లిటిల్ అను ఆంగ్లేయ వైద్యుడు. చాలకాలము ఆ వ్యాధిని లిటిల్ వ్యాధి యనియే పిలిచిరి.

లిటిల్ 1810వ సంవత్సరమున లండను నగరములోని ఆల్డ్‌గేట్ ప్రాంతమున జన్మించెను. ఆయన తండ్రి అచ్చట ఒక సత్రమును నడపుచుండెను. పసితనముననే లిటిల్‌కు పోలియో వ్యాధి సోకి, ఎడమ పాదము లోపలికి వంకర తిరిగెను. నాటినుండి ఆయన కుంటుచు నడచెడివాడు. పదునారేండ్ల ప్రాయమున ఒక మందుల వైద్యుని యొద్ద శిష్యుడుగా చేరి, తరువాత లండన్ హాస్పిటల్ అను వైద్యశాలలో విద్యార్థియై, 1832లో శస్త్రవైద్య పట్టమును పొందెను. ఎన్ని గ్రంథములు చదివినను ఆయన మనస్సున ఒక ప్రశ్న నిలిచియుండెను: ఈ వంకర పాదమును సరిచేయు మార్గము లేదా?

పిక్కను మడమతో కలుపు గట్టి త్రాడు వంటి స్నాయువు మనకు కాలి వెనుక భాగమున తాకిన తెలియును. లిటిల్ పాదమున ఆ స్నాయువు కుదించుకొని మడమను పైకి లాగుచుండెను. దానిని కోసినచో పాదము చక్కబడునని కొందరు ఊహించిరి. ఫ్రాన్సు దేశమున డెల్‌పెష్ అను వైద్యుడు 1816లోనే ఆ పని చేసి చూచెను. కాని గాయము చీము పట్టుటచే ఆయన దానిని మానివేసెను. సూక్ష్మజీవులవలన గాయము చీము పట్టునని ఆ రోజులలో ఎవరికిని తెలియదు. లండనులోని పెద్దలైన వైద్యులు కూడ ఆ శస్త్రచికిత్స వలదని లిటిల్‌కు హితవు చెప్పిరి.

ఆయన నిరుత్సాహపడలేదు. జర్మనీ దేశమునకు పోయి, హానోవర్ నగరమున స్ట్రోమేయర్ అను శస్త్రవైద్యుని దర్శించెను. స్ట్రోమేయర్ ఒక మెలకువను కనిపెట్టియుండెను. ఆయన చర్మమును పెద్దగా చీల్చక, సన్నని కత్తిమొనతో చిన్న రంధ్రము మాత్రము చేసి, చర్మము క్రిందనే స్నాయువును కోసెడివాడు. గాయము చిన్నది యగుటచే చీముపట్టు భయము మిక్కిలి తగ్గెను. పిమ్మట ఒక పరికరమును కట్టి పాదమును దినదినమును కొంచెము కొంచెముగా సరియైన స్థితికి తెచ్చెడివాడు. 1836వ సంవత్సరము జూన్ నెలలో లిటిల్ తన పాదమునే ఆయన చేతికి అప్పగించెను. అప్పటికి మత్తుమందు వాడుకలోనికి రాలేదని విద్యార్థులు గమనింపవలెను. ఈథరుతో మత్తు కలిగించు పద్ధతి పదేండ్లు గడచిన పిదప, 1846లో, అమెరికాలో లోకమునకు వెల్లడి యైనది. లిటిల్ ఆ నొప్పిని ఓర్చుకొనెను. పాదము చక్కబడెను.

తనకు మేలు కలిగినంతనే ఆయన తృప్తిపడి యూరకుండలేదు. స్ట్రోమేయర్ యొద్ద ఆ పద్ధతిని నేర్చి, బెర్లిన్ నగరమున దానిని చేసి చూపి, వంకర పాదమును గూర్చియే గ్రంథము వ్రాసి 1837లో డాక్టరు పట్టము గాంచెను. ఆ సంవత్సరముననే లండనులో ఆ శస్త్రచికిత్సను ప్రవేశపెట్టెను. 1840లో అంగవైకల్యము గలవారికై ఒక ప్రత్యేక వైద్యశాలను నెలకొల్పెను. అదియే తరువాత రాయల్ ఆర్థోపీడిక్ హాస్పిటల్ అను పేర ప్రసిద్ధమైనది. ఆ కాలమున పుట్టిన తన కుమారునకు లూయీ స్ట్రోమేయర్ లిటిల్ అని పేరు పెట్టుకొనెను. గురువుపట్ల ఆయనకు గల కృతజ్ఞత ఎట్టిదో దీనివలన తెలియగలదు.

వైద్యశాలకు వంకర కాళ్లతో వచ్చు బిడ్డలను లిటిల్ శ్రద్ధగా పరీక్షించెడివాడు. కొందరి కాళ్లు తన కాలివలె పోలియోచే బలహీనమై వ్రేలాడుచుండెను. మరికొందరి కాళ్లు అట్లు కాక కొయ్యవలె బిగిసియుండెను. ఈ రెండవ తెగవారి విషయమున ఆయన తల్లులను ఓపికతో ప్రశ్నించెను. బిడ్డ నెలలు నిండక పుట్టెనా? ప్రసవము ఎంతసేపు జరిగెను? పుట్టగనే ఏడ్చెనా? ఏడువనిచో ఎంతసేపటికి ఊపిరి తీసెను? చాలమంది తల్లుల సమాధానములు ఒకదానిని ఒకటి పోలియుండెను. బిడ్డ నెలలు తక్కువై పుట్టినది, లేదా కష్టప్రసవమైనది, లేదా నీలివర్ణముతో పుట్టి చాలసేపు ఊపిరి తీయలేదు.

ఇరువదేండ్లకు పైగా చూచిన సుమారు రెండువందల బిడ్డల అనుభవముతో, 1861వ సంవత్సరము అక్టోబరులో లండనులోని ప్రసూతి వైద్యుల సంఘము ఎదుట లిటిల్ ఒక వ్యాసము చదివెను. ఊపిరాడక పుట్టిన శిశువు మరణించును, లేదా పూర్తిగా కోలుకొనును. ఈ రెండు గతులే కలవని అంతవరకు వైద్యులు నమ్మియుండిరి. మూడవ గతి కూడ కలదని లిటిల్ చెప్పెను. శిశువు బ్రతుకును, కాని మెదడునకు కలిగిన హాని జీవితాంతము దాని అవయవములలో కానవచ్చును. ఈ మాట సభవారికి కొత్తగా తోచినది. కొందరు సందేహించిరి. అయినను ఆయన చూపిన నిదర్శనములను త్రోసివేయుట కష్టమయ్యెను.

లిటిల్ చెప్పిన మాటలలో మరి రెండు ముఖ్యమైనవి. ఊపిరాడక పుట్టిన బిడ్డలలో చాలమంది ఏ హానియు లేక బాగుపడుదురని ఆయన స్పష్టము చేసెను. కావున తల్లిదండ్రులు అనవసరముగా భయపడరాదు. ఇక రెండవది. అవయవములు బిగిసిన బిడ్డలందరును బుద్ధిమాంద్యము గలవారు కారు. కొందరి బుద్ధి చక్కగానే యుండును. మాట తడబడుటచేతను, చొంగ కారుటచేతను లోకము వారిని మందమతులని పొరపాటుగా ఎంచును. నూటయరువదేండ్లకు పైగా గడచినను ఈ రెండవ మాటను లోకము ఇంకను పూర్తిగా నేర్వలేదు.

మెదడునకు దెబ్బ తగిలినచో కాలు బిగియుట ఎట్లు? దీనిని కొంచెము తెలిసికొందము. మన కండరములకు సొంతముగా ఆలోచన లేదు. మెదడు పైపొరలోని కణములనుండి ఆజ్ఞలు నరముల దారిని వెన్నుపామునకు దిగి, అచ్చటినుండి కండరములకు చేరును. మెదడు పంపు ఆజ్ఞలలో "కదలుము" అనునవి మాత్రమే కాక "సడలుము" అనునవియు నుండును. ఆ దారి దెబ్బతిన్నప్పుడు సడలుమను ఆజ్ఞ సరిగా చేరదు. అంత కండరము ఎడతెగక బిగిసియుండును. బిడ్డ పెరుగుచుండగా ఎముక పొడవగును. బిగిసిన కండరము దానితో సమముగా పొడవు కాదు. అందుచే మడమ పైకి లేచును, మోకాలు వంగును, తుంటి కీలు సడలును. మెదడులోని గాయము పెరుగదు. దాని ఫలము మాత్రము ఏటేట మారుచుండును. కావుననే చికిత్స ఎంత త్వరగా మొదలైన అంత మేలు.

ఇందు ఒక ఆశాకిరణము కూడ కలదు. చచ్చిన మెదడు కణములు సామాన్యముగా తిరిగి మొలవవు. కాని పసి మెదడు మిక్కిలి వేగముగా పెరుగును. రెండేండ్లు వచ్చుసరికి అది పెద్దవారి మెదడు బరువులో సుమారు ముప్పాతిక వంతు అగును. ఆ వయసున కణముల నడుమ కొత్త దారులు లెక్కకు మించి ఏర్పడుచుండును. ఒక దారి మూసికొన్నచో, అభ్యాసము చేయించినకొలది మరియొక దారి కొంతవరకు ఆ పనిని నేర్చుకొనును. వరదకు వంతెన కొట్టుకొనిపోయినప్పుడు ఊరివారు పొలముల గట్లమీదుగా కాలిబాట వేసికొనుట వంటిది ఇది. నడచినకొలది బాట గట్టిపడును. నడువనిచో గడ్డి మొలచి కప్పివేయును.

లిటిల్ చెప్పినదంతయు నిజమేనా? శాస్త్రమున ఎంత పెద్దవాని మాటయైనను పరీక్షకు నిలువవలసినదే. 1897లో సిగ్మండ్ ఫ్రాయిడ్ అను వియన్నా వైద్యుడు ఈ వ్యాధిపై పెద్ద గ్రంథము ప్రకటించెను. కష్టప్రసవము కొన్నియెడల వ్యాధికి కారణము కాక, గర్భమున ముందే జరిగిన హానికి గుర్తు మాత్రమే కావచ్చునని ఆయన సూచించెను. ఆ మాటను చాలకాలము ఎవరును పట్టించుకొనలేదు. తరువాత అమెరికాలో సుమారు 54,000 గర్భముల వివరములను సేకరించి, పుట్టిన బిడ్డలను ఏడేండ్ల వరకు గమనించిరి. 1986లో ప్రకటింపబడిన ఫలితములను బట్టి, అధిక సంఖ్యాకులలో ప్రసవసమయమున ఊపిరాడకపోవుట ప్రధాన కారణము కాదని తేలినది. నెలలు నిండకుండుట, గర్భమున సోకిన అంటువ్యాధులు, మెదడు నిర్మాణమున లోపములు మున్నగునవి పెక్కు కారణములు కలవు. లిటిల్ చూపినది ఒక దారి. ఇతరులు తక్కిన దారులను కనుగొనిరి.

కారణములు తెలిసినకొలది నివారణోపాయములును తెలియవచ్చినవి. న్యూయార్క్ నగరమున వర్జీనియా అప్గార్ అను వైద్యురాలు 1953లో ఒక సులభమైన పరీక్షను ప్రకటించెను. పుట్టిన నిమిషమునకును, పిదప ఐదు నిమిషములకును శిశువు యొక్క రంగు, గుండె వేగము, ఊపిరి, కండరముల బిగువు, తాకినప్పుడు స్పందించుట అను ఐదింటికి మార్కులు వేయుదురు. ఒక్కొక్కదానికి రెండు చొప్పున మొత్తము పది. దీనివలన ప్రసవ గదిలోని వారందరు తల్లినే కాక శిశువును కూడ వెంటనే చూచు అలవాటు ఏర్పడినది.

పుట్టిన బిడ్డకు పచ్చకామెర్లు మిక్కుటమైనను మెదడు చెడును. 1956వ ప్రాంతమున ఇంగ్లండులోని రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో జీన్ వార్డ్ అను నర్సు పసిబిడ్డలను ఎండవేళ ఆవరణలోనికి తీసికొనిపోయెడిది. ఎండ తగిలినచోట పసుపు రంగు తగ్గి, గుడ్డ కప్పిన చోట అట్లే యుండుటను ఆమె వైద్యులకు చూపెను. ఆ చిన్న గమనికనుండియే నేడు ఆసుపత్రులలో శిశువులను నీలి దీపముల క్రింద నుంచు చికిత్స పుట్టినది. అయితే ఇంటివద్ద ఎండలో పెట్టి ఊరకుండుట చాలదు. కామెర్లు హెచ్చిన బిడ్డను ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్పవలెను.

ఊపిరాడక పుట్టిన శిశువు శరీరమును మూడు దినములు చల్లగా నుంచినచో మెదడునకు హాని తగ్గునని ధనిక దేశములలో రుజువైనది. ఆ పద్ధతిని భారత, శ్రీలంక, బంగ్లాదేశ్ ఆసుపత్రులలో 408 మంది శిశువులపై పరీక్షించి 2021లో ఫలితములు ప్రకటించిరి. ఇచ్చట మేలు కనబడలేదు. పైపెచ్చు మరణములు కొంత హెచ్చినవి. ఒక దేశమున ఫలించిన చికిత్సను మరియొక దేశమున గ్రుడ్డిగా అనుసరింపరాదని దీనివలన తెలియుచున్నది.

హాని జరిగిన పిదప చేయవలసిన సేవ ఒక్కని చేతిలోని పని కాదు. పిల్లల నరముల వైద్యుడు వ్యాధిని నిర్ణయించును. వ్యాయామ చికిత్సకుడు కండరములను సాగదీసి, కూర్చుండుట, నిలుచుట, నడచుట నేర్పును. మరియొకరు అన్నము తినుట, గుండీ పెట్టుకొనుట వంటి నిత్యకృత్యములను అభ్యాసము చేయింతురు. మాట రానివారికి బొమ్మల పలకలతోను, మాట్లాడు యంత్రములతోను భావము తెలుపుట నేర్పుదురు. కాలికి తగిన పట్టీలు చేయించుదురు. మిక్కిలి బిగిసిన కండరమును సడలించుటకు బోటులినం అను మందును సూదితో ఎక్కింతురు. అవసరమైనచో లిటిల్ తన కాలిపై చేయించుకొన్నట్టి శస్త్రచికిత్సయే నేటికిని చేయుదురు. వీటన్నిటికిని మించినది ఇంటియందు తల్లిదండ్రులు ప్రతిదినము చేయించు అభ్యాసము.

మన ప్రాంతమున ఈ సేవకు కొంత పునాది కలదు. హైదరాబాదులో 1953 నుండి నీలోఫర్ ఆసుపత్రి తల్లులకును పిల్లలకును వైద్యము చేయుచున్నది. సికింద్రాబాదులోని మనోవికాస్‌నగర్‌లో కేంద్ర ప్రభుత్వము 1984లో స్థాపించిన జాతీయ సంస్థ బుద్ధివికాసమున వెనుకబడిన బిడ్డలకు శిక్షణ నిచ్చుటయే కాక, ఆ శిక్షణ నిచ్చు ఉపాధ్యాయులను కూడ తయారు చేయుచున్నది. మండలములలోని భవిత కేంద్రములలో ప్రత్యేక ఉపాధ్యాయులు ఇట్టి బిడ్డలకు పాఠములు నేర్పుచున్నారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము మస్తిష్క పక్షవాతమును పేర్కొని, అట్టి బిడ్డలకు చదువుకొను హక్కును స్థిరపరచినది.

అయినను హైటెక్ సిటీ ప్రాంతమున రెండు లోకములు ప్రక్కప్రక్కనే యున్నవి. మేడలో పనిచేయు ఉద్యోగి తన బిడ్డ ఆరు నెలలకు మెడ నిలుపనిచో ఆ వారమే వైద్యునికి చూపగలడు. ఆ మేడను కట్టిన కూలి పాలమూరునుండియో, ఒడిశానుండియో వచ్చి రేకుల పాకలో కాపురముండును. ఒక కట్టడము ముగియగనే మరియొక చోటికి తరలిపోవును. బిడ్డను వారమునకు మూడుమార్లు ఒకే చికిత్సాలయమునకు తీసికొనిపోవుట ఆ తల్లికి ఎట్లు సాధ్యమగును? కూలి పోవును, ఆటో బాడుగ కావలయును, చికిత్సకు నెలలు కాదు ఏండ్లు పట్టును. వైద్యవిద్య ఎంత పెరిగినను ఈ దూరము తగ్గనిచో అది కొందరి సొత్తుగనే మిగులును.

పుట్టినప్పుడు ఆరోగ్యముగ నున్న బిడ్డలకు కూడ తరువాత మెదడునకు దెబ్బ తగులవచ్చును. వాహనములు వేగముగ పోవు విశాలమైన వీథులలో ఈ ప్రమాదము హెచ్చు. తండ్రి హెల్మెట్ ధరించి, ముందు కూర్చున్న కుమారుని తల వట్టిగా నుంచుట మనము నిత్యము చూచుచున్నాము. నాలుగేండ్లు మించిన ప్రతివారును హెల్మెట్ ధరింపవలెనని 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము ఆదేశించుచున్నది. చట్టము మాట యటుంచినను, పగిలిన మెదడును అతికించు వైద్యుడు లేడని గుర్తుంచుకొనవలెను.

విద్యార్థులు చేయదగిన పని కూడ కలదు. మూడు నాలుగు నెలలు దాటినను మెడ నిలుపని శిశువును, ఎనిమిది తొమ్మిది నెలలకును కూర్చుండని శిశువును, ఏడాది నిండకమునుపే ఒక్క చేతినే వాడుచు రెండవ చేతిని ముడిచియుంచు శిశువును ఇంటగాని ఇరుగుపొరుగునగాని చూచినచో, "పెద్దయిన తరువాత అదియే సరిపడును" అని ఊరకుండక వైద్యునికి చూపుడని పెద్దలకు చెప్పవలెను. ఇట్టి గుర్తు కనబడిన ప్రతి బిడ్డకును వ్యాధి యున్నదని కాదు. చూపించుటవలన నష్టము లేదు, చూపింపకుండుటవలన విలువైన కాలము పోవును. తరగతిలో మాట తడబడు సహాధ్యాయి యున్నచో, అతడు వాక్యము ముగించువరకు ఓపికతో వినవలెను. అతని బదులు తాము మాటలాడరాదు.

విలియం జాన్ లిటిల్ 1894లో కెంట్ మండలమున మరణించెను. ఆయన మెదడు గాయమును మాన్పు మందును కనిపెట్టలేదు. అట్టి మందు నేటికిని లేదు. కాని ఎవరును అడుగని ప్రశ్నలను తల్లులను అడిగెను. వారి సమాధానములను నమ్మి వ్రాసి యుంచెను. లోకము విధివ్రాత యని విడిచిన బిడ్డలు వైద్యుని శ్రద్ధకు పాత్రులని చాటెను. నేడు తల్లి చేయి పట్టుకొని రెండడుగులు వేయు ప్రతి బిడ్డ వెనుకను ఆ శ్రద్ధ కలదు. ఆ రెండడుగులు మూడుగ మారుట వైద్యునిపై ఎంత ఆధారపడియున్నదో, ఇంటివారిపైనను, బడిపైనను, ఊరిపైనను అంతే ఆధారపడియున్నది.